కదలిక తెలియని పరుపు

ఆడబిడ్డ అర్ధమొగుడంటారు గానీ, నాకు అచ్చం అక్కలా దొరికిన వదినగారికి,

మీ మరదలు నమస్కారాలు. మీ వ్యాను డ్రైవరు పరుపు కిందికి దించి తాళ్ళు కట్టుకుంటున్నాడు. ఇది మూడోదని నాకు వేళ్ళు చూపించి మరీ నవ్వాడు. ఆ జ్వరంలో నా చెవులు పోయినప్పటి నుంచీ అందరూ నాతో వేళ్ళతోనే మాట్లాడతారు. వేళ్ళకి అందని మాటలుంటే నోరు బార్లా తెరుస్తారు. పెదవులు చూసి మాట పట్టేస్తాను, మామూలుగా మాట్లాడండి అని ఎన్నిసార్లు చెప్పినా, పళ్ళ డాక్టరుకి చూపించినట్టు చూపిస్తూనే ఉంటారు. అతన్ని వీధి చివర టీ తాగి రమ్మని పంపించి ఇది రాస్తున్నాను. ఫోనులో మాట్లాడటం నాకు కుదరదు, ఫోనులో చీమతలంత అక్షరాలు చదవడం మీకు కుదరదు. మనిద్దరికీ ఆ వ్యానే దిక్కు.

ఈ పరుపు కూడా తిరిగొస్తున్నందుకు కోప్పడకండి. "ఊరికే బాగాలేదంటే ఒప్పుకోను. ఏ పరుపులో ఏం లోపమో విడివిడిగా రాసి పంపు. నా దగ్గర కొన్నవాళ్ళెవరూ నిద్ర పట్టలేదన్న మాట అనలేదు" అని రాశారు కదా. సరే, రాస్తాను. మొదట వచ్చిన స్ప్రింగు పరుపు, ఒక్కో స్ప్రింగుకీ ఒక్కో గుడ్డసంచి తొడిగినది, చాలా మంచిది. కాకపోతే ఎత్తు ఎక్కువ, మంచం దిగబోతే నా పాదాలు నేలకి అందవు. రెండోది, ఒంటి ఆకారాన్ని గుర్తుపెట్టుకునే ఫోమ్ పరుపు, అదీ మంచిదే. చేత్తో నొక్కి, ఆ గుంట మెల్లగా పూడుకోవడం చూస్తూ మీ తమ్ముడు ఓ పూటంతా చిన్నపిల్లాడిలా ఆడుకున్నారు. కాకపోతే ఒళ్ళంతా దాంట్లోకి దిగిపోతుంది, పక్కకి తిరగాలంటే తవ్వుకుని బయటికి రావాలి, పైగా వీపంతా ఉడుకు. ఇప్పుడు పంపుతున్న రబ్బరు పరుపు అన్నిటికంటే మంచిది. చల్లగా ఉంటుంది, మునగనివ్వదు, ఒంటిని అడుగు నుంచి ఎత్తి పట్టుకుంటుంది. కాకపోతే కొంచెం రబ్బరు వాసన. కొబ్బరిపీచు పరుపు పంపుతానన్నారు గానీ మీ తమ్ముడే వద్దన్నారు. పెళ్ళికి ముందు అద్దెగదిలో దానిమీద పడుకుంటే భుజాలు పట్టేసేవట.

ఇన్ని 'కాకపోతే'లు రాస్తుంటే నాకే సిగ్గుగా ఉంది. మీలాంటి మనిషి పంపిన వస్తువుకి వంకలు పెట్టడమా! మీ షాపుకి వచ్చిన రోజు నాకింకా కళ్ళకి కట్టినట్టుంది. వినపడదు కాబట్టి మిగతావాళ్ళకంటే నేను చూసింది ఎక్కువ. ఎవరొచ్చినా మీరు ముందు పరుపు చూపించరు. "ఏ పక్కకి తిరిగి పడుకుంటారు? పొద్దున లేస్తే ఎక్కడ నొప్పి?" అని అడుగుతారు. చేత్తో నొక్కి చూసేవాళ్ళ చేతి మీద ఒక్కటేస్తారు. "పరుపు మీద పడుకునేది అరచెయ్యా? చెప్పులు విప్పి ఎక్కండి" అంటారు. ఆ రోజు ఒక లావుపాటి వకీలుగారు నల్లకోటుతోనే రబ్బరు పరుపెక్కి నిద్రపోయారు. మీరు ఆయనకి దుప్పటి కప్పి, ఆ పక్క లైటు ఆర్పించి, పనివాళ్ళందర్నీ మునివేళ్ళ మీద నడిపించారు. బేరం ఆయన లేచాక చూసుకుందామన్నారు. అమ్మేవాళ్ళని చాలామందిని చూశాను గానీ, కొనడానికి వచ్చినవాళ్ళు నిద్రపోతే అంత సంతోషపడ్డ మనిషిని మిమ్మల్నే చూశాను.

ఆ తర్వాత గ్లాసు సంగతి. స్ప్రింగు పరుపు మీద ఆ చివర నిండా నీళ్ళున్న గాజుగ్లాసు పెట్టి, ఈ చివర మీరు దబ్బున కూలబడ్డారు. మీ ఒళ్ళు మీకు తెలుసు, నేను చెప్పక్కర్లేదు. చుక్క తొణకలేదు! అందరూ చప్పట్లు కొట్టారు. అందరికంటే ఎక్కువ కొట్టింది మీ తమ్ముడే. "అక్కా, ఇదే కావాలి. తెల్లవారకముందే నేను లేస్తుంటే దీని నిద్ర పాడవుతోంది. ఇదైతే దీనికి తెలియనే తెలియదు" అన్నారు. ఆ మాట నేను ఆయన పెదవుల మీద చూశాను.

ఆయన నడుం మాత్రం మీ చలవవల్లే బాగుపడింది. బేకరీలో పిండిబస్తాలు మోసి, పిండి పిసికి, ఇంటికొచ్చి మధ్యలో గుంట పడ్డ మా పాత దూది పరుపు మీద పడుకునేవారు. పొద్దున్నే లేస్తే మడతమంచం తెరిచినట్టు ఒక్కో కీలే విప్పుకుంటూ నిలబడాల్సి వచ్చేది. ఇప్పుడు నిటారుగా నడుస్తున్నారు. రొట్టె కొనడానికి వచ్చినవాళ్ళందరికీ నడుం చూపించి "మా అక్క పరుపు" అని చెబుతున్నారట. మీ తమ్ముడు సరే, సమస్యంతా నాతోనే. కళ్ళు చింతనిప్పుల్లా ఉంటున్నాయి. మొన్న మిషను తొక్కుతూ కునుకు తీసి, ఒక పెద్దమనిషి ప్యాంటు కాళ్ళు రెండూ కలిపి కుట్టేశాను. ఆయన మంచివాడు కాబట్టి నవ్వి ఊరుకున్నాడు. మీ తమ్ముడు మాత్రం నా కళ్ళకేసి చూసి బెంగపెట్టుకుంటున్నారు. మంచి పరుపు దొరికితే నాకు నిద్ర వస్తుందని ఆయన పట్టుదల.

'ఆకలి రుచి ఎరగదు, నిద్ర సుఖమెరగదు' అన్నవాడు కనిపిస్తే నా షాపు మూయించడానికే పుట్టావా అని అడుగుతానని మీరు అన్నారు. మీ ముందు ఆ సామెత ఎత్తే ధైర్యం నాకు లేదు. డ్రైవరు టీ తాగి వచ్చేశాడు.

మీ వంకల మరదలు

*

వదినా,

కోపం వస్తే ఈ ఉత్తరం చింపెయ్యండి. కానీ చివరిదాకా చదివి చింపండి. నాలుగో పరుపు పంపకండి. కిందటి ఉత్తరంలో నేను రాసిన లోపాలన్నీ అబద్ధాలు. ఎత్తూ కాదు, వేడీ కాదు, వాసన అసలే లేదు. మీ పరుపుల్లో ఏ దోషమూ లేదు. అవి మరీ మంచివి కావడమే నాకొచ్చిన కష్టం.

ఈ ఆదివారం మా ఇంటికి వడ్రంగి వస్తున్నాడు. మా పెద్దమంచాన్ని మధ్యకి కోసి, రెండు ఒంటిమంచాలు చేస్తాడట. ఒకటి పడకగదిలో నాకు, ఒకటి ముందుగదిలో మీ తమ్ముడికి. నిన్న ఆయన టేపు తీసుకుని ముందుగది కొలుస్తుంటే ఎందుకని అడిగాను. "ఎన్ని పరుపులు మార్చినా నీకు నిద్రపట్టలేదంటే తప్పు పరుపుల్లో లేదు, నాలో ఉంది. నేను ఆ గదిలోంచి వెళ్తే నువ్వు హాయిగా పడుకుంటావు" అన్నారు. నవ్వుతూనే అన్నారు. నాకు మింగలేక కక్కలేక అయింది. తల ఊపి వంటగదిలోకి వెళ్ళి, కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగాను.

అసలు సంగతి చెబుతాను. చెవులు పోయాక నాకు ఆయనతో మాట్లాడుకునే సమయం ఒక్కటే మిగిలింది. ఆయన పనికి వెళ్ళేముందు, వీధిలో ఇంకా వెలుగు రాకముందు, వంటగది లైటు కింద టీ తాగే కాసేపు. అప్పుడు ఆయన ముఖం తాజాగా ఉంటుంది, తొందర ఉండదు, పెదవులు తేలిగ్గా చదవొచ్చు. బేకరీలో ఎవరు ఎవరితో పోట్లాడారో, ఏ రొట్టె పొంగలేదో, కొత్తగా వచ్చిన యజమాని ఎలా నడుస్తాడో అన్నీ నటించి చూపిస్తారు. నేను కుట్టిన బట్టల వాళ్ళ గొడవలు చెబుతాను. పని నుంచి తిరిగొచ్చేసరికి ఆయన అలసిపోయి ఉంటారు. మాటలు పెదవుల్లోనే నలిగిపోతాయి, నాకు సగమే అందుతాయి. మళ్ళీ చెప్పండి, మళ్ళీ చెప్పండి అని ఎన్నిసార్లు అడగను? కాబట్టి మా కాపురమంతా ఆ పొద్దుటి టీలోనే ఉంది.

ఆ పాత దూది పరుపు నాకు చెవిలా పనిచేసేది, వదినా. లైటు తీసేస్తే మీ అందరికీ చీకటి ఒక్కటే, నాకు చీకటీ నిశ్శబ్దమూ రెండూ ఒక్కసారే వస్తాయి. అప్పుడు నాకు తెలిసేదల్లా ఆ పరుపు వల్లే. ఆయన ఏదో గుర్తొచ్చి నవ్వుకుంటే అది సన్నగా వణికేది. దగ్గితే ఎగిరిపడేది. పొద్దున ఆయన లేవగానే నాకూ మెలకువ వచ్చేసేది. నన్నెవరూ లేపక్కర్లేదు, చెవులు పోయినా నా ఒంట్లో గడియారం పోలేదు అని మీ తమ్ముడి దగ్గర ఎన్నిసార్లు గొప్పలు పోయానో! ఆయన ముసిముసిగా నవ్వేవారు.

మీ పరుపు వచ్చిన మర్నాడు ముఖం మీద ఎండ పడి లేచాను. పక్కన దుప్పటి చల్లగా ఉంది. వంటగదిలో ఆయన కప్పు కడిగి బోర్లించి ఉంది. ఒక్కరే టీ పెట్టుకుని తాగి వెళ్ళిపోయారు. సాయంత్రం వచ్చి "బాగా నిద్రపోయావు కదూ" అని ఎంత మురిసిపోయారో! అవునన్నాను. ఇంకేమంటాను? ఆ మర్నాడూ అంతే, ఆ తర్వాతా అంతే. మీ షాపులో ఆ గ్లాసు తొణకలేదని అందరూ చప్పట్లు కొట్టారే, ఆ గ్లాసు పెట్టిన వైపు పడుకునేది నేను. ఫోను దిండు కింద పెట్టుకుంటే వణికి లేపుతుందిగా అంటారేమో. పెట్టుకున్నాను. ఆయన చూసి, "నాకోసం అలారం పెట్టుకుని లేస్తావా, పిచ్చిదానా" అని దాన్ని తీసుకెళ్ళి ముందుగదిలో పెట్టేశారు. ఇక మెలకువగానే ఉండి ఆయన లేచేదాకా చూద్దామనుకున్నాను. సరిగ్గా ఆయన లేచే వేళకే నా కళ్ళు మూతపడేవి. అందుకే ఎర్రబడ్డాయి. ఎర్రబడ్డాయని ఆయన మీకు చెప్పి ఇంకా మంచి పరుపు తెప్పించారు. అది మొదటిదానికంటే కదలదు. గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే.

ఆయనకే చెప్పొచ్చుగా అంటారు. ఎలా చెప్పను? నడుం నిటారు చేసుకుని నడుస్తున్న మనిషిని మళ్ళీ గుంట పరుపు మీద పడుకోబెట్టనా? నా చెవుల పేరు చెప్పి ఆయన్ని అడిగినవి ఇప్పటికే చాలా ఉన్నాయి. లైటు వెయ్యండి, నావైపు తిరగండి, నములుతూ మాట్లాడకండి. ఆ మీసం మీకు గుర్తుందిగా, ఎంత ముచ్చటపడి పెంచుకునేవారో. పై పెదవి కనపడటం లేదని నేను ఒక్కసారి అన్నాను, అంతే. సాయంత్రానికి నున్నగా గీయించుకుని వచ్చి, ఏమీ జరగనట్టు కూర్చున్నారు. అలాంటి మనిషిని ఇంకొకటి అడగడానికి నాకు నోరు రాలేదు. ఆయన మంచితనం చూస్తే నాకు గర్వంగానూ ఉంటుంది, భయంగానూ ఉంటుంది.

కానీ మంచం కోస్తారంటే తట్టుకోలేకపోతున్నాను. మీ షాపులో ఎవరూ కొనని చెడ్డ పరుపేదైనా ఉంటే పంపండి. మంచివన్నీ అయిపోయాయని, ప్రస్తుతానికి దీంతో సర్దుకోమని మీ తమ్ముడికి ఓ అబద్ధం చెప్పండి. మీరు చెబితే ఆయన నమ్ముతారు. వడ్రంగి రాకముందే పంపండి.

మీ మరదలు

*

ఒసే అమ్మాయ్,

నీ ఉత్తరం షాపులో బిల్లులు రాసే బల్ల దగ్గర కూర్చుని చదివాను. మావాళ్ళు వచ్చి "ఎవరైనా పోయారా అమ్మా?" అని అడిగారు. ఎవరూ పోలేదు, నా పొగరు పోయింది అన్నాను. ముందు నీకో చీవాటు. రబ్బరు వాసనట! విప్పి, గాలికి ఆరబెట్టి, నా ముక్కుతో నేను చూసి పంపిన పరుపుకి వాసనట! ఆ మాటకి నేను రెండు రోజులు అన్నం సహించక తిరిగాను. అబద్ధం ఆడినా అతికినట్టు ఆడాలని మీ అమ్మ నేర్పలేదా?

తిట్టడం అయిపోయింది. ఇప్పుడు విను. ఇన్నేళ్ళుగా పక్కవాళ్ళ కదలిక తెలియని పరుపే గొప్పదని గ్లాసు పెట్టి మరీ అమ్మాను. కదలిక కావాలనుకునే మనిషి ఉంటుందని నాకెప్పుడూ తట్టలేదు. నీ ఉత్తరం చదివాక నిన్న షాపు మధ్యాహ్నం మూసేసి, పరుపులన్నీ మళ్ళీ మొదటి నుంచీ పరీక్ష చేశాను. చెవుల్లో దూది కుక్కుకున్నాను, కళ్ళకి గుడ్డ కట్టుకున్నాను, ఓ పక్కన పడుకున్నాను. రెండో పక్కకి మీ అన్నయ్యగారిని ఇంటి నుంచి పిలిపించాను. పడుకోవడంలో ఆయన్ని మించినవాడు లేడు కదా. "నెమ్మదిగా లేచి వెళ్ళండి, మళ్ళీ వచ్చి పడుకోండి" అన్నాను. మా పనివాళ్ళు నాకు మతి పోయిందనుకుని గుమ్మంలో గుంపుగా నిలబడ్డారట.

సంచుల స్ప్రింగు మీద ఏమీ తెలియలేదు. ఫోమ్ మీదయితే, "ఇక లేవండి" అని నేను అరుస్తూనే ఉన్నాను, ఆయన లేచి వెళ్ళి టీ కూడా తాగేశారట. రబ్బరు మీద కాస్త చిన్న వణుకు వచ్చి, నా దాకా రాకుండానే చచ్చిపోయింది. కొబ్బరిపీచుది బల్లలాంటిదే, దానికి మనుషులతో పనిలేదు. మా ఇంటి అటక మీద నీదానిలాగే గుంటపడ్డ దూది పరుపుంటే అదీ దింపించాను. ఆయన దబ్బున పడితే తెలిసింది, దొర్లితే తెలిసింది, నవ్వితే కూడా తెలిసింది. నువ్వు రాసింది నిజమే. కానీ నెమ్మదిగా లేచి వెళ్తే మాత్రం తెలియలేదు. మళ్ళీ మళ్ళీ చేయించాను. తెలియలేదు.

అందుకే నాకో అనుమానం. మా తమ్ముడు లేవడం నాకు తెలుసు. మా నాన్నకి రాత్రిపూట పని ఉండేది, పగలు పడుకునేవాడు. ఆయన నిద్ర చెడకుండా పిల్లిలా నడవడం వాడికి పసితనం నుంచీ అలవాటు. అలాంటివాడు పక్కలోంచి లేస్తే నీకు రోజూ తప్పకుండా మెలకువ ఎలా వచ్చేది? నీ ఒంట్లో గడియారమంటావా, అదే అయితే కొత్త పరుపు మీద ఎందుకు ఆగిపోయింది? నాకు తెలియదు. వాణ్ణి అడుగు.

పరుపు సంగతి. షాపు వెనకాల మూలన ఒకటి పడి ఉంది. స్ప్రింగులన్నిటినీ ఒకదానికొకటి తీగతో ముడేసిన పాతకాలపుది. ఒకటి కదిలితే అన్నీ కదులుతాయి. "ఆయన దొర్లితే నాకు మెలకువ వస్తోంది" అని కొన్నవాళ్ళంతా వెనక్కి ఇచ్చేసేవాళ్ళు, అందుకే తెప్పించడం మానేశాను. గట్టిగా ఉంటుంది, మధ్యలో కుంగదు, వాడి నడుముకి ఏ ఢోకా లేదు. దానిమీద పడుకుంటే మీ అన్నయ్యగారు తల గోక్కున్న సంగతి కూడా నాకు తెలిసిపోయింది. నాకు పనికిరాదనుకున్న సరుకు నీకు సరిగ్గా సరిపోయేలా ఉంది. దాన్ని దులిపించి, పైగుడ్డ కొత్తది వేయించి పంపుతున్నాను.

కానీ అబద్ధం నేను చెప్పను. మీరిద్దరూ ఒకరి మీద ఒకరు జాలిపడి మంచం కోసుకునేదాకా వచ్చారు. మధ్యలో నేనూ ఓ అబద్ధం వేస్తే ఇల్లే కోసుకుంటారు. శనివారం వ్యాను వస్తుంది. "మీ ఆవిడ మీకేం చెప్పింది?" అని డ్రైవరు మా తమ్ముణ్ణి అడుగుతాడు. వాడు నీళ్ళు నమిలితే పరుపు దించకుండా వెనక్కి తెచ్చెయ్యమన్నాను. మొహమాటం పరుపు కింద దాచుకుంటే, తల్లీ, ఎంత మంచి పరుపైనా గుచ్చుకుంటుంది.

ఇంకొక్క మాట. మీసం తీసేసినవాణ్ణి ఇంకేమీ అడగలేనన్నావు. వాడి మీసం నాకూ నచ్చేది కాదు. ధైర్యంగా అడుగు.

నీ వదిన

*

వదినా,

చెప్పాను. చెప్పినదాని సంగతి తర్వాత, ముందు మీ డ్రైవరు చేసిన ఘనకార్యం వినండి. శనివారం మీ తమ్ముడు పని నుంచి వచ్చేసరికే వ్యాను ఇంటి ముందుంది. నేను మేడమీద మాటలు కూడబలుక్కుంటున్నాను. ఇంకా కూడలేదు. మీ డ్రైవరు మెట్ల దగ్గరే ఆయన్ని పట్టుకుని అడిగేశాడట. ఈయన జుట్టంతా పిండితో గబగబా పైకొచ్చి, "నువ్వు నాకేదో చెప్పాలట, చెప్పకపోతే పరుపు దించడట. ఏమిటది?" అన్నారు. ఇక దాక్కోవడానికి చోటు లేదు.

ఎంత గట్టిగా చెప్పానో నాకు తెలియదు. ఎదురింటి టీచరమ్మ కిటికీలోంచి తొంగిచూసిందంటే బాగానే అరిచి ఉంటాను. మీకు రాసిందంతా చెప్పాను. పొద్దుటి టీ గురించి, చల్లబడ్డ దుప్పటి గురించి, బోర్లించిన కప్పు గురించి. మంచం కోయొద్దన్నాను. నిద్ర పాడవడం నాకిష్టమని, ఆయన లేస్తే నేనూ లేవాలని, ఆ పాత పరుపు మీద నాకై నాకు మెలకువ వచ్చేదని అన్నాను. ఆయన ముఖం అటు తిప్పేసుకున్నారు. ఇటు తిరగండి, నాకు కనపడటం లేదు అన్నాను. తిరిగారు. ఆ పెద్దమనిషి కళ్ళలో నీళ్ళు.

"నీకై నీకు వచ్చేది కాదే. నేనే లేపేవాణ్ణి" అన్నారు.

నాకు అర్థం కాలేదు. మళ్ళీ చెప్పమన్నాను. వంటగది బల్ల మీద అరచేత్తో మెల్లగా కొట్టి చూపించారు. నా చెవులు పోయిన కొత్తలో ఆయన భుజం తట్టి లేపితే నేను కేకపెట్టి లేచేదాన్నట, చాలాసేపు వణుకుతూనే ఉండేదాన్నట. నాకది గుర్తే లేదు. అందుకని ఒంటి మీద చెయ్యి వేయడం మానేసి, నా తల పక్కన పరుపు మీద కొట్టడం మొదలుపెట్టారట. ముందు మెల్లగా, లేవకపోతే ఇంకొంచెం గట్టిగా, నా కనురెప్పలు కదిలేదాకా. కదలగానే చప్పున అటు తిరిగి చొక్కా వెతుక్కుంటున్నట్టు నిలబడేవారట. "నన్నెవరూ లేపక్కర్లేదని అంత సంబరంగా చెప్పుకునేదానివి. అది ఎందుకు పాడుచెయ్యాలి అనిపించింది" అన్నారు. ఆయన ముసిముసి నవ్వులకి అర్థం నాకు అప్పుడు తెలిసింది. మీ షాపులో నా నిద్ర పాడవుతోందన్నదీ, సాయంత్రం మురిసిపోయినట్టు కనిపించిందీ ఆ గుట్టు నాకు తెలియకూడదనేనట.

ఇంకా ఉంది, వదినా. కొత్త పరుపు వచ్చాక కూడా ఆయన రోజూ కొట్టారట. ఒక చేత్తో, తర్వాత రెండు చేతులతో. నేను కళ్ళు తెరవలేదు. మీ పరుపు అంత మంచిది మరి, ఆ దెబ్బల్ని నాదాకా రానివ్వలేదు. ఆయన ఏమనుకున్నారో తెలుసా? "ఇన్నాళ్ళూ నాకోసం బలవంతాన లేచేది, ఇప్పుడు విసిగిపోయింది. మెలకువ వచ్చినా కళ్ళు మూసుకుని పడుకుంటోంది అనుకున్నాను. ఫోను పెట్టుకున్నావని చూసినప్పుడు, మొగుడు లేస్తే లేవాలి కదా అన్న బాధ్యతతో పెట్టుకున్నావనుకున్నాను. అందుకే ముందుగదిలోకి పోదామనుకున్నా" అన్నారు. చెబుతూ చెబుతూ ఆయన పెదవులు వణికిపోయి, చివరి మాటలు నాకు చదవడం రాలేదు. మళ్ళీ చెప్పమని అడగలేదు. ఆయన అరచెయ్యి నా రెండు చేతుల్లోకి తీసుకుని చూశాను. పిండి పిసికి పిసికి బండబారిన చెయ్యి అది. ఇద్దరం ఎంతసేపు అలా కూర్చున్నామో గానీ, కింద మీ డ్రైవరు హారను మోగించి మోగించి విసిగిపోయాడట.

పరుపు దించుకున్నాం. ఆదివారం వడ్రంగి రంపం తీసుకుని వచ్చాడు. అతనికి టీ, వేడి రొట్టె ఇచ్చి, మంచం కోళ్ళు కిర్రుమంటున్నాయట, బిగించి వెళ్ళమన్నాం. కోయమన్నవాళ్ళు బిగించమంటారేమిటని అతను మా ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూశాడు. మీ తమ్ముడి నడుం బాగానే ఉంది. నా కళ్ళు తెల్లబడ్డాయి. ప్యాంటు కాళ్ళు విడివిడిగానే కుడుతున్నాను.

మీ మూలన పడ్డ పరుపు గురించి మీకొక్కటి చెప్పాలి. అంతకంటే గొప్ప పరుపు ఈ లోకంలో లేదు. మీరు చెవుల్లో దూది పెట్టుకుని, నాకోసం నా చీకట్లోకి వచ్చి పడుకుని చూశారు. అలా వచ్చినవాళ్ళు ఇంతవరకూ ఎవరూ లేరు. ఈ పరుపు మీద ఆయన ఊపిరి పీల్చుకోవడం కూడా తెలుస్తుంది. కాబట్టి పొద్దున్నే ఆయన కదలగానే, ఇంకా పక్క దిగకముందే, నాకు నిజంగానే నా అంతట నాకే మెలకువ వచ్చేస్తోంది. ఈ సంగతి ఆయనకి చెప్పలేదు. మీరూ చెప్పకండి.

చెవులు పోయాక నాకు తెలియకుండానే ఒకటి పోయింది, వదినా. జనం నా ఎదురుగా వచ్చి నిలబడతారు, భుజం తడతారు, లైటు ఆర్పి వెలిగిస్తారు. కానీ నన్ను పిలిచేవాళ్ళు లేరు. ఇక ఈ జన్మకి ఎవరి పిలుపూ వినబోనని సరిపెట్టుకున్నాను. తీరా చూస్తే ఇన్నాళ్ళూ ప్రతి తెల్లవారుజామునా ఒక మనిషి నన్ను పిలుస్తూనే ఉన్నాడు, నేను పలుకుతూనే ఉన్నాను. అందుకని ఇప్పుడు మెలకువ వచ్చినా కళ్ళు తెరవడం లేదు. నిద్రపోతున్నట్టే ఉంటున్నాను. ఆయన మోచేతి మీద లేచి, నా తల పక్కన అరచెయ్యి ఆనిస్తారు. అయినా నేను లేవను. ఆయన పిలవాలి.

మీ మరదలు